గోడ మీద గొడుగు

బందరు గొడుగుల వీధిలో నాంచారమ్మ అని దుకాణాలకు బోర్డులు రాసే ఒకావిడ ఉండేది. ఆమె చేతిరాత ముత్యాల వరసే గాని, ఆ రాత మీద ఆమెకున్న గర్వం మాత్రం కొండంత.

ఆ పని ఆమెకు తండ్రి నేర్పాడు. సుద్ద పూసిన దారంతో గోడ మీద గీతలు కొట్టి, వాటి మధ్య రాసుకుపోతే ఒక్క అక్షరం కూడా అటూ ఇటూ జరిగేది కాదు. ఎవరి బోర్డు రాసినా కుడి మూల కింద 'నాంచారి' అని చిన్నగా సంతకం పెట్టేది. మందుల కొట్టు బోర్డయినా అంతే, వర్ధంతి బోర్డయినా అంతే. "పోయినాయన పేరు కింద నీ పేరెందుకమ్మా?" అని ఎవరో అడిగితే, "రాసింది నేను గాని, పోయినాయన కాదుగా!" అనేసింది. సోడా కొట్టు వీర్రాజు ఒకసారి అక్షరాలు ఇంకాస్త లావుగా ఉండాలన్నాడు. "నీ దగ్గర గ్యాసు ఉందిగా, నీ సోడాలు ఊదుకో. నా అక్షరాల జోలికి రాకు" అంది.

ఆ వీధిలో ఆమెకు లొంగని గోడ ఒక్కటే ఉండేది. అది వీధి మొదట్లో మూల మీద ఉన్న మస్తాన్ గొడుగుల కొట్టు గోడ. మస్తాన్ కొత్త గొడుగులు కుట్టేవాడు, పాతవి బాగుచేసేవాడు. గొడుగు గుడ్డకు పూసే నల్లరంగు డబ్బా పట్టుకుని, నిచ్చెనెక్కి, తన కొట్టు పేరు తానే రాసుకున్నాడు. 'మస్తాన్ గొడుగులు. బాగు చేయబడును' అన్నది ఆ రాత. మొదటి అక్షరాలు గుమ్మడికాయలంత ఉండేవి. గోడ అయిపోతున్న సంగతి చివర్లో గాని తెలియలేదు కాబోలు, ఆఖరి అక్షరాలు ఆవగింజలై మూలకు నక్కాయి.

"వీధికంతటికీ దిష్టిబొమ్మలా ఉందయ్యా నీ రాత. చెరిపెయ్, నేను ఊరికే రాసిపెడతా" అని నాంచారమ్మ ఎన్నోసార్లు అడిగింది.

"గొడుగు కారకుండా ఉంటే చాలమ్మాయ్. రాత వంకరైతే ఎవరూ తడవరు" అని మస్తాన్ నవ్వేవాడు.

ఆ నవ్వు ఆమెకు ముల్లులా గుచ్చుకునేది. రోజూ ఆ గోడ ముందు నుంచి వెళ్తూ, రోజూ దాన్ని కొరకొరా చూసేది. కొన్నేళ్లకు మస్తాన్ చనిపోయాడు. అతని భార్య కాశింబీ కొట్టు నడిపింది. ఆమె కూడా ఆ రాతను ముట్టుకోనివ్వలేదు.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. బోర్డులన్నీ యంత్రాలు అచ్చు వేయడం మొదలుపెట్టాయి. "మా దగ్గర చేరు నాంచారమ్మా, కంప్యూటరు పక్కన కూర్చుని రంగులు చెబితే చాలు" అని ఒక ఫ్లెక్సీ కొట్టాయన పిలిచాడు. "కుంచె పట్టిన చెయ్యిని మీ కంప్యూటరు ఎలుక మీద పెట్టను" అని ఆమె వచ్చేసింది. ఆ తర్వాత రోడ్డు వెడల్పు చేస్తూ గొడుగుల వీధినే పడగొట్టేశారు. వీధివాళ్లు తలో దిక్కూ చెదిరిపోయారు. కాశింబీ పరాసుపేటలో తమ్ముడి ఇంటికి చేరింది.

వీధి పోయాక ఊరికి దాని మీద ప్రేమ పుట్టింది. మన ఊరికి ఇది మామూలే. ఉన్నప్పుడు ముక్కు మూసుకుని నడిచినవాళ్లే, పోయాక అబ్బా, ఎంత బాగుండేది అన్నారు. చెక్కతో ఆ వీధిని చిన్నదిగా చేయించి పురమందిరంలో పెట్టాలని పెద్దలు తీర్మానించారు. ఖర్చంతా నాదేనని బట్టల వ్యాపారి వల్లభరాయుడు ముందుకు వచ్చాడు. మస్తాన్ కొట్టు పోగా ఆ మూల మిగిలిన జాగాలో ఇప్పుడు అంతస్తుల మీద అంతస్తులుగా దుకాణం లేపింది ఆయనే. వడ్రంగి బ్రహ్మలింగం జానెడు జానెడు ఇళ్లు చేశాడు. వాటి గోడల మీద రాతలు రాసే పని నాంచారమ్మకు దక్కింది.

మొదట్లో ఆమె సన్న కాగితం మీద రాసి గోడకు అంటించింది. చూస్తే మందుసీసాకు చీటీ అంటించినట్టు ఉంది. కాగితాలన్నీ పీకి పారేసింది. గోడ మీది రాత గోడలో భాగం కావాలి, గోడతో పాటే ముసలిదవ్వాలి. అందుకని చిట్టి గోడలకు ముందు సున్నం పూసింది. నాలుగు వెంట్రుకల కుంచెతో, ఊపిరి బిగబట్టి, బియ్యపు గింజ మీద పట్టేంత అక్షరాలు రాసింది. బ్రహ్మలింగం చెక్కిన ఇటుకల గీతలు రంగులోంచి కనబడేలా రంగు పలచగా వేసింది. ఆరాక తడిగుడ్డతో రుద్ది వెలిసిపోయేలా చేసింది. తూము కింద వాన చారలకు టీ డికాషన్ జార్చింది. సోడా కొట్టు గోడకు కాస్త మసి కూడా రాసింది.

పని అయ్యాక పాత వీధివాళ్లను బ్రహ్మలింగం పాకకు పిలిపించింది. వాళ్లు వంగి వంగి చూశారు. "ఇదుగో నా కొట్టు! మసి కూడా ఉందిరోయ్!" అని వీర్రాజు గంతులేసినంత పని చేశాడు. అందరూ మెచ్చుకుంటుంటే నాంచారమ్మ కాలు నేల మీద ఆనలేదు.

కాశింబీ మాత్రం మూల కొట్టు ముందు వంగి, కళ్లు చికిలించి గోడంతా చూసింది. చివరికి, "ఇది మా కొట్టు కాదమ్మాయ్" అంది.

"కళ్లజోడు తెచ్చుకోలేదా పిన్నీ? 'మస్తాన్ గొడుగులు' అని అంత స్పష్టంగా రాశానుగా!"

"పేరు మాదే. రాత మాది కాదు."

నాంచారమ్మకు చర్రున కోపం వచ్చింది. "అంటే నా రాత బాగాలేదంటావు!"

"బాగుంది. బాగుంది కాబట్టే మాది కాదు" అంది కాశింబీ. "మా ఆయన రాత ఇట్టా తిన్నగా ఉండేదా? మరి మా గోడ మీద గొడుగేదీ?"

"ఏం గొడుగు?" నాంచారమ్మ చూపు ఏనాడూ ఆ అక్షరాలు దాటి పోలేదు.

"రోజూ పొద్దున్నే కొట్టు తెరవగానే గోడకున్న ఇనుప కొక్కేనికి ఒక గొడుగు విప్పి తగిలించేవాడు. గోడకి పూసిన ముదురు బూడిద రంగంతా ఎండకి వెలిసిపోయింది. ఆ గొడుగు చాటు మాత్రం వెలవలేదు. సాయంత్రం గొడుగు తీసేస్తే గోడ మీద నల్లగా ఇంకో గొడుగు మిగిలేది. ఆయన పోయాక నేను దాన్ని చూసుకునే తలుపు తీసేదాన్నమ్మా." ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "మా కొట్టుకి ఒక ఫోటో అయినా లేదు. ఇక్కడన్నా చూద్దామని వచ్చా. చూస్తే కింద నీ సంతకం ఉంది. రాసింది ఆయన, సంతకం నీదా?"

నాంచారమ్మ మూలనున్న తన సంతకం వైపు చూసింది. వీధిలో ఎవరి గోడ మీద ఆమె పేరు ఉన్నా అది న్యాయమే, అవి ఆమె రాసినవే. కానీ ఈ గోడ ఆమె ఏనాడూ రాయలేదు. రాస్తానంటే అతను వద్దన్నాడు. బతికుండగా ఇవ్వని గోడను అతను పోయాక, వీధి కూడా పోయాక, జానెడు చెక్క మీద లాక్కుంది. అది కసి తీర్చుకోవడమేనని ఆమెకు అప్పుడు తెలిసింది. సిగ్గుతో తల దించుకుంది.

మర్నాడు తెల్లవారగానే ఆ గోడ గీకేసింది. తన సంతకాన్ని వేలితో రుద్ది చెరిపింది. మళ్లీ సున్నం పూసి, దాని మీద ముదురు బూడిద రంగు వేసి, మస్తాన్ రాత రాయడానికి కూర్చుంది. ఆ వంకరలన్నీ ఆమెకు బాగా గుర్తున్నాయి. ఏళ్ల తరబడి కోపంగా చూసినదాన్ని మనిషి అంత తేలిగ్గా మరచిపోడు మరి! కానీ కుడిచెయ్యి ఎంత ప్రయత్నించినా వంకర పోనంది. ప్రతి అక్షరాన్నీ సరిచేసి కూర్చుంది. విసుగెత్తి, కుంచె ఎడమచేతిలోకి మార్చింది. అప్పుడు వచ్చింది మస్తాన్ రాత, ముందు గుమ్మడికాయలూ చివర ఆవగింజలూ. తర్వాత కాగితంతో గోరంత గొడుగు కత్తిరించి, రాత కింద గోడకు అదిమి పట్టి, చుట్టూ తడిగుడ్డతో గట్టిగా రుద్దింది. కాగితం తీసేసరికి వెలిసిన గోడ మీద నల్లటి గొడుగు నిలిచింది.

కాశింబీ వచ్చి చూసి, రంగంటిన నాంచారమ్మ ఎడమచెయ్యి పట్టుకుని కళ్లకు అద్దుకుంది. ఆ గోడ మూల సంతకం లేదు. నాంచారమ్మ సంతకం లేకుండా వదిలిన మొదటి రాత అదే.

ప్రారంభోత్సవం దగ్గర పడింది. వల్లభరాయుడు పాకకు వచ్చాడు. ఇళ్లన్నీ చూసి తల ఊపాడు. మూల గోడ దగ్గర ఆగిపోయాడు.

"ఇదేంటి ఇలా వంకర పోయింది? నీ రాతేనా ఇది నాంచారమ్మా?"

"కాదండీ. మస్తాన్ రాత."

"మస్తాన్ ఎవరు?"

"ఇప్పుడు మీ దుకాణం ఉన్నచోట గొడుగులు కుట్టినాయనండీ."

వల్లభరాయుడు గోడ వైపు వేలు చూపించాడు. "హాల్లోకి రాగానే ముందు కనబడేది ఈ గోడే. దీని మీద మా దుకాణం పేరు రాయి. బంగారు రంగులో, నీ రాతలో."

"మీ దుకాణం ఆ వీధిలో లేదు కదండీ. వీధి కూలాక కట్టారు."

"చూసేవాళ్లకేం తెలుస్తుంది?"

"ఆ వీధివాళ్లకు తెలుసండీ. వాళ్లెవరూ రాకపోయినా నాకు తెలుసు."

వల్లభరాయుడు వ్యాపారి. ఎవరికి ఏ గుడ్డ చూపించాలో తెలిసినవాడు. నవ్వుతూ గొంతు తగ్గించాడు. "బొమ్మ ముందు ఇత్తడి పలక పెట్టిస్తున్నా. దాని మీద ఈ రాతలన్నీ నాంచారమ్మవి అని చెక్కిస్తా. నా పేరు కన్నా పైన నీ పేరు ఉంటుంది. ఆలోచించుకో."

నాంచారమ్మ ఆలోచనలో పడింది. ఆమె రాసిన బోర్డులన్నీ పాత ఇనుప సామానులోకి పోయాయి. తండ్రి రాసినవీ పోయాయి. ఆమె పేరు ఇప్పుడు ఊళ్లో ఎక్కడా లేదు. ఇత్తడి మీద చెక్కిన పేరు వెలవదు, పురమందిరంలో ఉన్నదాన్ని ఎవరూ తూకానికి అమ్మరు. ఒక్క గోడ, జానెడు గోడ. రాసేస్తే ఏం పోయింది? చెయ్యి తనకు తెలియకుండానే కుంచె వైపు కదిలింది. అప్పుడు వేలి మీద చూపు పడింది. చెరిపేసిన సంతకం రంగు ఇంకా గోరు సందులో ఉంది.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "వద్దండీ. అబద్ధం కింద పెట్టేంత చవక కాలేదు నా పేరు."

"డబ్బు నాది!" అని అరిచాడు వల్లభరాయుడు.

"డబ్బు మీదేనండీ. గోడ మాత్రం మస్తాన్‌ది."

"నువ్వు రాయకపోతే యంత్రం రాస్తుంది. ఈ ఊళ్లో మళ్లీ నీకు కుంచె పట్టే పని దొరకనివ్వను!"

"తాటాకు చప్పుళ్లకు కుందేళ్లే బెదరవండీ, నేనెందుకు బెదురుతాను?"

వల్లభరాయుడు విసురుగా వెళ్లిపోయాడు. బ్రహ్మలింగం తల పట్టుకున్నాడు. "నీళ్లలో ఉండి మొసలితో వైరమా అక్కా?"

"ఆ నీళ్లు నాకెప్పుడో ఇంకిపోయాయి తమ్ముడూ. ఎండిన చెరువులో మొసలి నన్నేం చేస్తుంది?" అని ఆమె కుంచెలు కడుక్కుంది.

ప్రారంభోత్సవం రోజున పురమందిరం నిండిపోయింది. పాత వీధివాళ్లంతా వచ్చారు. మేజా మీద గుడ్డ కప్పి ఉంది. వల్లభరాయుడు చప్పట్ల మధ్య గుడ్డ తీశాడు. మూల గోడ మీద తళతళ మెరిసే స్టిక్కరు ఒకటి అంటించి ఉంది. 'వల్లభరాయ వస్త్రాలయం' అని యంత్రం అచ్చు వేసిన బంగారు అక్షరాలు. వెలిసిన గోడల మధ్య అది సరిగ్గా మందుసీసా మీది చీటీలా ఉంది.

చప్పట్లు తగ్గిపోయాయి. "నా సోడా కొట్టు పక్కన మస్తాన్ గొడుగులుండాలిగా, ఈ వస్త్రాలయం ఎక్కడిది?" అన్నాడు వీర్రాజు. కాశింబీ ఒకసారి తొంగి చూసింది. తర్వాత కొంగు నిండా కప్పుకుని గుమ్మం వైపు తిరిగింది.

"ఆగు పిన్నీ!" అని నాంచారమ్మ కేక పెట్టింది. జనాన్ని తోసుకుంటూ మేజా దగ్గరికి నడిచింది.

"ఎవరమ్మా నువ్వు, దాన్ని ముట్టుకోకు!" అన్నాడు వల్లభరాయుడు, ఆమె ఎవరో తెలియనట్టు.

"ఈ గోడకు సున్నం పూసినదాన్ని" అందామె అందరికీ వినబడేలా. "ఈ మూల మస్తాన్ గొడుగులు కుట్టాడు. మీరు అప్పటికి ఆ వీధిలో లేరు. ఇప్పుడు నిజం వీధి ఎలాగూ మీ చేతిలో ఉంది, ఏలుకోండి. ఈ చెక్క వీధి మాత్రం అబద్ధం చెప్పదు. నేను చెప్పనివ్వను."

ఆమె స్టిక్కరు అంచున గోరు ఆనించి ఆగింది. తడిగుడ్డతో రుద్ది వెలిసేలా చేసిన రంగు గోడను అంటిపెట్టుకుని ఉండదని ఆమెకు తెలుసు. జిగురు లాగితే మస్తాన్ రాత కూడా ఊడి వస్తుంది. అలాగని వదిలేస్తే ఆ రాత ఎప్పటికీ బంగారు చీటీ కిందే సమాధి అవుతుంది. పళ్లు బిగించి లాగేసింది.

స్టిక్కరు ఊడి వచ్చింది. దాని వెనక మస్తాన్ అక్షరాలు అతుక్కుని వచ్చేశాయి. గుమ్మడికాయల్లో సగం పోయాయి, ఆవగింజలన్నీ పోయాయి. కానీ కాగితం అడ్డుపెట్టి రుద్దకుండా వదిలిన చోట రంగు గట్టిగా పట్టుకుని ఉంది. సగం బోసిపోయిన గోడ మీద నల్లటి గొడుగు ఒక్కటి చెక్కు చెదరకుండా నిలబడింది.

"పాడైపోయింది పిన్నీ" అంది నాంచారమ్మ.

కాశింబీ దగ్గరికి వచ్చి చూసింది. "పాడవలేదమ్మాయ్. వీధి కూల్చడానికి వచ్చిన రోజున మా గోడ అచ్చం ఇట్టాగే ఉంది. గునపం పోటుకి అక్షరాలు సగం రాలిపోయినయ్యి, గొడుగు ఉంది. ఇది మా కొట్టే" అంది.

వీర్రాజు మొదట చప్పట్లు కొట్టాడు. తర్వాత పాత వీధి మొత్తం కొట్టింది. ఆ చప్పట్లలో మరో స్టిక్కరు అంటించమని చెప్పే ధైర్యం వల్లభరాయుడికి లేకపోయింది. "ఇంకో సభ ఉంది" అని గొణిగి వెళ్లిపోయాడు. ఇత్తడి పలక రాలేదు. ఆయన అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా, చాలాకాలం ఆయన తాలూకు వాళ్లెవరూ నాంచారమ్మకు పని ఇవ్వలేదు. ఆమె వాళ్ల గడప తొక్కనూ లేదు, ఉన్నదాంతో తలెత్తుకుని బతికింది.

ఆ తర్వాత కాశింబీ తరచు పురమందిరానికి వచ్చి ఆ బొమ్మ పక్కన కూర్చునేది. నాంచారమ్మ కూడా వెళ్లి తోడు కూర్చునేది. ఒకరోజు పొరుగూరి పంతులమ్మ ఒకావిడ పిల్లలను తీసుకొచ్చింది. ఆమె మూల గోడ ముందు వంగి, "నిజంగా ఎండకి వెలిసినట్టే ఉందే! ఇది ఎవరు రాశారండీ?" అని అడిగింది.

"మా ఆయన" అంది కాశింబీ ఠపీమని.

పంతులమ్మ పక్కనున్న నాంచారమ్మ వైపు చూసింది. వర్ధంతి బోర్డు మీద కూడా తన పేరు వదులుకోని ఆ మనిషి, "ఔనండీ, మస్తానే రాశాడు. రాత వంకర గాని మనిషి బహు తిన్నన" అంది. అంటూ నవ్వింది, అచ్చం మస్తాన్ నవ్వినట్టే.

నీతి: తన పేరు కోసం పట్టే పట్టు గర్వం; నోరులేనివాళ్ల పేరు చెరిగిపోకుండా పట్టే పట్టు ధైర్యం.